దగ్గలేని బిడ్డకు న్యుమోనియా సోకినప్పుడు

మస్క్యులర్ డిస్ట్రఫీ ఉన్న పిల్లలలో తరచుగా మొదట కాళ్ళు బలహీనపడతాయి కనుక ఇంటిల్లిపాది దృష్టి నడక మీదే నిలిచిపోతుంది. ఊపిరి ఆడించేవి కూడా కండరాలేనన్న సంగతి మరుగున పడుతుంది. డుషేన్ రకంలో, సాధారణంగా నడక పోయిన తరువాత, అవి క్రమంగా నీరసిస్తాయి. అప్పుడు జలుబు చేసినా కఫాన్ని బయటికి నెట్టేంత దగ్గు రాదు. ఆ కఫం ఊపిరితిత్తులలో నిలిచి న్యుమోనియాకు దారితీస్తుంది.

ఇక్కడే మనం మోసపోతాము. బలమున్న పిల్లవాడు రొప్పుతాడు, డొక్కలు ఎగరేస్తాడు. ఈ బిడ్డకు రొప్పే శక్తే ఉండదు. పైపై శ్వాస, సన్నగిల్లిన గొంతు, ఉదయపు తలనొప్పి, అకారణమైన మగత అతనిలో ప్రమాద సూచనలు. హాయిగా నిద్రపోతున్నాడని తల్లి ఊరట చెందే వేళకే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటూ ఉండవచ్చు. వేలికి తొడిగే ఆక్సిమీటరు దానిని చూపదు. ఒట్టి ఆక్సిజను పెడితే అంకె మెరుగుపడుతుంది గాని మగత ముదరవచ్చు. యాంటీబయాటిక్‌తో పాటు మాస్కు ద్వారా శ్వాసకు ఊతమిచ్చే బైపాప్ యంత్రం, కఫం తీయించే సాయం, అవసరమైతే వెంటిలేటరు కావాలి. రక్తవాయువుల పరీక్ష చేశారా అని వైద్యుని అడగండి.

"ఎలాగూ నయం కాని జబ్బు, ఐసీయూ ఎందుకు?" అనే బంధువులు ప్రతి ఇంటా ఉంటారు. కండరాల వ్యాధికి పూర్తి నివారణ లేకపోవచ్చు. న్యుమోనియా నయమయ్యే జబ్బు. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం తఖ్దీర్‌పై విశ్వాసం కాదు. వైద్యం చేయించుకోమన్నది దైవప్రవక్త (సఅసం) ఆదేశమే. దమ్ కోసం వచ్చేవారిని మేము కాదనము, కాని ముందు 108కు ఫోన్ చేయిస్తాము.

మేడ్చల్ నుండైనా, షామీర్‌పేట నుండైనా సికింద్రాబాదులోని గాంధీ ఆసుపత్రి గాని, పంజాగుట్టలోని నిమ్స్ గాని దగ్గర కాదు. రద్దీ సంగతి చెప్పనక్కరలేదు. అందువల్ల తెల్లవారే దాకా చూద్దామనవద్దు. వ్యాధి పేరు, వాడే మందులు రాసిన కాగితం ఇంట్లో సిద్ధంగా ఉండాలి. స్టెరాయిడ్‌లు వాడుతుంటే హఠాత్తుగా ఆపరాదు. మత్తు వైద్యునికి వ్యాధి పేరు ముందే తెలియాలి. సక్సినైల్‌కోలిన్ అనే మందు డుషేన్ రోగి గుండెను ఆపివేయగలదు. నిద్రమాత్రలు, దగ్గును అణచే సిరప్‌లు సొంతంగా ఇవ్వకండి.

నమాజ్ గురించి పెద్దవారైన రోగులు అడుగుతుంటారు. వెల్లకిలా పడుకుంటే వీరికి ఊపిరి ఆడదు. నిలబడలేనివారు కూర్చొని, అదీ కుదరనివారు పక్కకు ఒరిగి చేయవచ్చని ప్రవక్త (సఅసం) ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) గారికి తెలిపారు. దిండ్లకు ఆనుకొని, మాస్కు తీయకుండానే సైగలతో నెరవేర్చవచ్చు.

షామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ టీకాలు దేశదేశాలకు వెళుతున్నాయి. మన బిడ్డకు ఏటా ఫ్లూ టీకా, న్యుమోకాకల్ టీకా పడ్డాయో లేదో చూసుకోవాలి. ఆసుపత్రి నుండి పంపించే ముందే, ఛాతీని చేతులతో నొక్కి దగ్గు తెప్పించే పద్ధతిని ఫిజియోథెరపిస్టు వద్ద తల్లి, తండ్రి ఇద్దరూ నేర్చుకోవాలి.