ఒక హుక్కా బుడ్డి... మూడు పేర్లు!

2018 సెప్టెంబరు మొదటివారం. హైదరాబాద్ పాతబస్తీలోని పురానీ హవేలీ. రాత్రివేళ వెంటిలేటరు గుండా నిజాం మ్యూజియంలోకి చొరబడ్డ దొంగలు వజ్రాలు, కెంపులు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సునీ, దాంతోపాటు కప్పు, సాసరు, చెంచానీ ఎత్తుకెళ్లారు. అదృష్టం బాగుండి పదిరోజుల్లోపే అన్నీ దొరికాయి.

అది టిఫిన్ బాక్సు కాబట్టి సరిపోయింది... చూసినవాళ్లెవరూ మరిచిపోరు. అదే ఏ మూల అల్మరాలోనో ఉన్న చిన్న బాకు పోతే? పొడవెంత, పిడి మీద ఏం చెక్కారు, ఎక్కడ సొట్ట పడింది... చెప్పేదెవరు?

అక్కడికి కూతవేటు దూరంలో, మూసీ ఒడ్డునే ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో ఈ ప్రశ్న ఇంకా పెద్దది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీఖాన్ పెళ్లి చేసుకోలేదు. 1949లో ఆయన పోయేనాటికి దివాన్ దేవిడీ నిండా వస్తువులే! వాటిని ఓ క్రమంలో పెట్టించే పని కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్‌కి అప్పగించారు. 1951 డిసెంబరు 16న నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. ఇప్పుడున్న భవనంలోకి మారింది 1968లో. గంట కొట్టే బొమ్మ కోసం మనమంతా మెడలు సాచి ఎదురుచూసే గడియారం సంగతి సరే, దాంతోపాటు అక్కడున్న కళాఖండాలు దాదాపు 46 వేలు. రాతప్రతులు మరో 8 వేలకు పైనే.

ఇన్నింటి వివరాలు రాయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒక్క పారసీ రాతప్రతినే తీసుకోండి. లిపి చదివేవారొకరు, ఫొటో తీసేవారొకరు, చివికిన కాగితాన్ని బాగుచేసేవారు ఇంకొకరు. ఎవరి రిజిస్టరు వారిదైతే, ఒకరు రాసింది ఇంకొకరి కంటపడదు. పైగా సగం సంగతులు పుస్తకంలో కాదు, పెద్దల బుర్రలో ఉంటాయి. ఆ పెద్దాయన రిటైరైతే అవీ ఆయన వెంటే ఇంటికెళ్లిపోతాయి.

ఈ చిక్కు విప్పడానికే పుణెలోని సీడాక్ 'జతన్' అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. పేరు మన 'యత్నం'కి చుట్టమే. వస్తువు నంబరు కొడితే చాలు... ఫొటో, కొలతలు, ఏ లోహం, ఏ కాలం అన్నీ ఒకే పేజీలో. ఒకరు నింపినదాని పక్కనే మరొకరు తమకు తెలిసింది చేర్చొచ్చు. ఇలా పోగుచేసిన సమాచారంతో 2014లో కేంద్ర సాంస్కృతిక శాఖ జాతీయ పోర్టల్ తెరిచింది. తొలి విడత పది మ్యూజియాల్లో తెలుగునాట నుంచి రెండున్నాయి: సాలార్‌జంగ్, నాగార్జునకొండ.

అయితే కంప్యూటర్లు కలిపినంత తేలిగ్గా మాటలు కలవవు. నల్లటి లోహం మీద వెండి తీగ పొదిగిన బిద్రీ వస్తువు ఉందనుకోండి. ఒకరు 'హుక్కా బుడ్డి' అని రాస్తారు. ఇంకొకరు 'గుడ్‌గుడీ' అంటారు. మూడోవారు 'బిద్రీ పాత్ర' అని ఊరుకుంటారు. తర్వాత వెతికేవారికి మూడింట ఒకటే దొరుకుతుంది. అందుకే ముందు నలుగురూ కూర్చుని దేన్ని ఏమని పిలవాలో తేల్చుకోవాలి. నన్నడిగితే అసలు పని అదే, మిగతాది టైపింగు!

ప్రపంచం కూడా ఈ పాఠం ఆలస్యంగానే నేర్చుకుంది. దొంగిలించిన కళాఖండాల్ని గుర్తుపట్టేందుకు ఏయే వివరాలు తప్పనిసరిగా రాసిపెట్టాలో చెప్పే 'ఆబ్జెక్ట్ ఐడీ' అనే పద్ధతి వచ్చింది 1997లో. ఏం వస్తువు, దేంతో చేశారు, కొలతలు, రాతలు, ఫొటో... వీటితోపాటు ఓ ముఖ్యమైన గడి ఉంది. ఆ వస్తువుకే ప్రత్యేకమైన గుర్తులు. గీత, పగులు, అతుకు లాంటివి. అలాంటి వస్తువు ఇంకోటున్నా, ఆ అతుకు మాత్రం ఇంకోదానికి ఉండదు.

ఆ గడి నింపాలంటే ఏ సాఫ్ట్‌వేరూ సాయం రాదు. ఎవరో ఒకరు అల్మరా తెరిచి, బాకుని దీపం కిందికి తెచ్చి, తిప్పి చూసి, పక్కవారిని పిలిచి 'ఇది గీతా, పగులా?' అని అడగాల్సిందే.