ఎపినాల్ నుంచి స్విస్ సరిహద్దు దాకా: భారత సైనికులను దాచిన పల్లెలు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో శత్రువు చెర నుంచి జరిగిన పలాయనాలలో లోకానికి బాగా తెలిసినది 1944 మార్చి 24 రాత్రి స్టాలాగ్ లుఫ్ట్ 3 అనే జర్మన్ శిబిరంలో జరిగింది. నేటి పోలండ్‌లోని జాగాన్ వద్ద ఉన్న ఆ శిబిరం నుంచి 76 మంది మిత్రరాజ్యాల వైమానికులు సొరంగం గుండా బయటపడ్డారు. వారిలో ముగ్గురే చివరికి స్వేచ్ఛను చేరుకోగా, పట్టుబడినవారిలో 50 మందిని జర్మన్లు కాల్చి చంపారు. ఆ తరువాత ఏడు వారాలు తిరగకముందే తూర్పు ఫ్రాన్స్‌లోని ఎపినాల్ పట్టణం నుంచి భారత యుద్ధఖైదీలు పెద్ద సంఖ్యలో తప్పించుకున్నారు. వారిలో సుమారు 500 మంది స్విట్జర్లాండ్ చేరారు. మొదటి ఘటన ప్రసిద్ధ చలనచిత్రమైతే, ఇంతమందిని బతికించిన రెండో ఘటన భారతదేశంలోనే దాదాపు మరుగున పడిపోయింది. సైనికుల తెగువకు తోడు, వారికంటే పెద్ద ప్రమాదాన్ని నెత్తిన వేసుకున్న ఫ్రెంచి పల్లెజనం తెగువ కూడా ఈ ఘటనలో ఉంది.

ఎడారి నుంచి ఎపినాల్‌కు

బ్రిటిష్ ఇండియా సైన్యానికి చెందిన ఈ ఖైదీలలో అత్యధికులు ఉత్తర ఆఫ్రికా ఎడారి యుద్ధంలో చిక్కినవారు. 1941 ఏప్రిల్‌లో లిబియాలోని మెకిలి వద్ద 3వ భారత మోటారు బ్రిగేడ్ చుట్టుముట్టబడగా, 1942 జూన్ 21న తోబ్రుక్ పతనమైనప్పుడు 11వ భారత పదాతి బ్రిగేడ్ కూడా శత్రువుకు దొరికిపోయింది. అంతకుముందే, 1940లో, ఫ్రాన్స్‌కు సరుకులు మోసే కంచరగాడిదలతో వచ్చిన భారత దళాలలో ఒకటి అక్కడే బందీ అయింది. తొలుత ఇటలీ శిబిరాలలో గడిపిన వారిలో చాలామంది 1943 సెప్టెంబర్ 8న ఆ దేశపు లొంగుబాటు వెల్లడయ్యాక జర్మన్ల చేతికి వచ్చారు. ఇలా వేర్వేరు దారులలో వచ్చినవారిని 1944 నాటికి ఎపినాల్‌లోని పాత సైనిక బారకాసులలో చేర్చగా, వారి సంఖ్య 3 వేలకు చేరింది.

1944 మే 11న అమెరికన్ విమానాలు ఎపినాల్ రైల్వే యార్డుపై జరిపిన దాడిలో కొన్ని బాంబులు శిబిరం మీద పడి, అనేకమంది ఖైదీలు మరణించారు. గోడలు కూలి కాపలా చెదిరిపోవడంతో, బతికినవారు గుంపులు గుంపులుగా చుట్టుపక్కల అడవులలోకి వెళ్లిపోయారు. తటస్థ దేశమైన స్విట్జర్లాండ్ సరిహద్దు అక్కడికి ఆగ్నేయంగా వంద కిలోమీటర్ల దూరంలో ఉంది.

ఎవరి ప్రమాదం ఎంత

1929 నాటి జెనీవా ఒప్పందం, అంటే యుద్ధఖైదీల పట్ల దేశాలు పాటించవలసిన నియమాల ఒడంబడిక, పారిపోయి పట్టుబడిన ఖైదీకి క్రమశిక్షణ చర్యగా గరిష్ఠంగా 30 రోజుల నిర్బంధాన్ని మాత్రమే అనుమతించింది. జాగాన్ హత్యలు ఆ ఒప్పందానికి పచ్చి ఉల్లంఘన. పారిపోయిన ఖైదీకి అన్నం పెట్టిన రైతుకు మాత్రం అలాంటి రక్షణ ఏదీ లేదు. శత్రు వైమానికులకు సాయపడే పురుషులను అక్కడికక్కడే కాల్చివేస్తామనీ, స్త్రీలను జర్మనీలోని నిర్బంధ శిబిరాలకు పంపుతామనీ, సమాచారమిచ్చినవారికి బహుమానం ఇస్తామనీ ఫ్రాన్స్‌లోని జర్మన్ సైనిక పాలకుడు 1941 సెప్టెంబర్ 22 నాటి ప్రకటనతోనే హెచ్చరించాడు. పైగా తెల్లజాతి ఖైదీ రైతు దుస్తులు తొడుక్కుని ఊరివాడిలా తిరగగలిగినా, భారత సైనికుడికి ఆ వీలు లేదు. అతని ఒంటి రంగూ, సిక్కు అయితే కేశాలూ తలపాగా చూసినవారికి వెంటనే ఆనవాలు చెప్పేస్తాయి. అతను దొరికిన ఇంటివారు ఎవరో తెలియదని బుకాయించి తప్పించుకోలేరు.

భాష రాని, ముందెన్నడూ చూడని ఈ మనుషులకు పల్లెవారు తలుపు తీయడానికి కరుణతో పాటు వారి సొంత అనుభవమూ కారణమని అర్థం చేసుకోవాలి. 1940లో సుమారు 18 లక్షల మంది ఫ్రెంచి సైనికులు జర్మన్లకు బందీలు కాగా, వారిలో దాదాపు సగం మంది 1944లోనూ చెరలోనే ఉన్నారు. కొడుకో భర్తో చెరలో ఉన్న ఇంటికి ఖైదీ కష్టం ఒకరు చెప్పవలసినది కాదు. 1943లో యువకులను నిర్బంధ శ్రమకు జర్మనీ పంపే చట్టం వచ్చాక, దాన్ని తప్పించుకుని అడవి పట్టిన తమవారికి రహస్యంగా తిండి చేరవేయడం కూడా అక్కడి రైతులకు అలవాటైంది. ఆ అలవాటే ఇప్పుడు పరాయివారికీ అక్కరకు వచ్చింది.

భారత సైనికులకు తోడ్పడిన ఊళ్లలో ఎతోబాన్ ఒకటి. ప్రతిఘటన ఉద్యమానికి, అంటే ఆక్రమణపై సాగిన రహస్య పోరాటానికి, అండగా నిలిచిన ఆ చిన్న ఊరి పురుషులలో 39 మందిని 1944 సెప్టెంబర్ 27న జర్మన్లు పొరుగున ఉన్న షెనెబియే గ్రామంలో చర్చి గోడ వద్ద కాల్చి చంపారు. ఆ శిక్ష కేవలం భారతీయులకు ఆశ్రయమిచ్చినందుకు పడినది కాకపోయినా, అలాంటి ఊరిలో ఒక పూట తిండి పెట్టడం వెనుక ఎంత ప్రాణభయం ఉండేదో అది తేటతెల్లం చేస్తుంది.

సరిహద్దు దాటినవారికి 1907 నాటి హేగ్ ఒప్పందం వర్తించింది. దాని ప్రకారం, తప్పించుకుని వచ్చిన యుద్ధఖైదీని తటస్థ దేశం స్వేచ్ఛగా ఉండనివ్వాలి, అవసరమైతే నివాస స్థలాన్ని మాత్రం నిర్ణయించవచ్చు.

ఈ సైనికులు వలస పాలకుల యూనిఫారంలో పోరాడినందువల్ల స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో వారికి చోటు దొరకలేదు. బ్రిటిష్ పలాయన గాథలు తమ అధికారుల చుట్టూనే తిరిగాయి. ఈ రెండు ఉపేక్షలను సరిదిద్దే చరిత్రకారులు సరిహద్దు దాటిన 500 మందిని స్మరించడంతో ఆగకూడదు. చట్టం ఏ రక్షణా ఇవ్వనిచోట పరదేశి కోసం ప్రాణం ఒడ్డిన రైతు కుటుంబాలకు కూడా ఆ చరిత్రలో సైనికులతో సమానమైన స్థానం దక్కాలి, ఎందుకంటే వారి తోడు లేకుండా అంతమంది స్విట్జర్లాండ్ చేరడం సాధ్యమయ్యేది కాదు.