పింఛను లెక్క, తుపాకీ హక్కు

అమెరికాలో తుపాకీ ఉంచుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. మానసికంగా అసమర్థుడని కోర్టు గాని, అధికారమున్న మరో సంస్థ గాని తేల్చితే మాత్రం 1968 నాటి చట్టం ప్రకారం ఆ హక్కు పోతుంది.

ఇందులో ఒక చిక్కు వచ్చింది. పింఛను సొమ్ము సొంతంగా చూసుకోలేడని మాజీ సైనికుల శాఖ ఒకరిని నిర్ణయిస్తే, అదే ఆధారంగా ఆయన పేరు తుపాకీ నిషేధ జాబితాకు వెళ్లేది. లెక్కలు తప్పడం వేరు, ప్రమాదకారి కావడం వేరు కదా! జడ్జి ఉత్తర్వు లేకుండా అలా పేర్లు పంపరాదని 2024లో నిధుల చట్టం ద్వారా అక్కడి కాంగ్రెస్ ఆపింది. అది న్యాయమే.

వైద్యుల భయం వేరు. అక్కడి తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. తుపాకీతో చేసిన ప్రయత్నాల్లో దాదాపు 90 శాతం ప్రాణం తీస్తాయి. చావాలనే ఉద్రేకం మాత్రం చాలామందిలో కొంతసేపటికే తగ్గుతుంది. ఆ కాసేపు తుపాకీ చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. దీనికి ఏ తీర్పూ అక్కర్లేదు.

మీ పిల్లలు అక్కడ ఉంటే, ఇంట్లో తుపాకీ ఉందేమో మొహమాటపడకుండా అడగండి. ఎవరైనా తీవ్రమైన దిగులులో ఉంటే 988కి ఫోన్ చేయమనండి. తుపాకీకి తాళం వేసి, గుండ్లు వేరే చోట పెట్టాలి. తాళంచెవి ఆ దిగులులో ఉన్నవారికి తెలిసిన చోట ఉంచవద్దు.