బూర్గంపాడులో నేరాలు తక్కువా? పోలీసు లెక్కలు చదవడం ఎలా

ఏటా డిసెంబరు ఆఖరి వారంలో కమిషనర్లు, ఎస్పీలు ప్రెస్‌మీట్ పెట్టి ఆ సంవత్సరం లెక్క చెబుతారు. మర్నాడు జిల్లా పేజీలో ‘తగ్గిన నేరాలు’ అనో, ‘పెరిగిన కేసులు’ అనో శీర్షిక వస్తుంది. నేరం, కేసు అన్నవి ఒకటి కావు. ఈ తేడా పట్టుకోకపోతే ఏ ఊరు మంచిది, ఏ బస్తీ చెడ్డది అన్న తీర్పు పోలీసులతో పాటు మనమూ ఇచ్చేస్తాం.

లెక్కకెక్కేది ఎఫ్ఐఆర్. వాడలో ఒక కూలీని కులం పేరుతో తిట్టి కొట్టారనుకుందాం. ముందు పెద్దమనుషుల రాజీ ఒత్తిడిని అతను తట్టుకోవాలి. రేపు పనికి పిలిచేది కొట్టినవాళ్లే కాబట్టి ఆ భయాన్నీ దాటాలి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోవాలి. తీసుకున్నాక ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్లు పడాలి. మామూలు కొట్లాట సెక్షన్లతో సరిపెడితే దెబ్బలు లెక్కలోకి వస్తాయి, కులం రాదు. బాప్టిజం తీసుకున్న మాదిగ, మాల కుటుంబాలకైతే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు అడ్డొస్తుంది. తిట్టేవాడు చర్చికి వెళ్తున్నావా అని అడిగి తిట్టడు. చట్టం మాత్రం అడుగుతుంది.

జాతీయ నేర రికార్డుల బ్యూరో పట్టికలన్నీ ఈ జల్లెడలో మిగిలినవే. దేశంలో ఎస్సీలపై నేరాల కేసులు 2021లో 50,900. 2022లో 57,582, అంటే సుమారు 13 శాతం ఎక్కువ. ఇందులో దాడులు పెరిగిన వాటా ఎంత, ధైర్యంగా ఫిర్యాదు చేసిన వాటా ఎంత అన్నది పట్టికను చూసి చెప్పలేం. కేసులు పెరిగినంత మాత్రాన నేరాలు పెరిగినట్టు కాదని బ్యూరో తన నివేదికలోనే హెచ్చరిస్తుంది. ఒకే ఎఫ్ఐఆర్‌లో అనేక నేరాలుంటే అన్నిటికన్నా తీవ్రమైనదాన్నే లెక్కిస్తామనీ చెబుతుంది. గుడిసె తగలబెట్టి మనిషిని చంపితే పట్టికలో హత్య ఒక్కటే మిగులుతుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఇలాంటి ఘోరం కూడా కేసుల కాలమ్‌లో ఎన్ని ఎఫ్ఐఆర్‌లయితే అన్ని అంకెలే, ప్రాణాల లెక్క పక్క కాలమ్‌లో వెతుక్కోవాలి.

శాతాలు మోసం చేసే తీరుకు ఆదివాసీల పట్టిక మంచి ఉదాహరణ. ఎస్టీలపై నేరాల కేసులు 2022లో 10,064, 2023లో 12,960. ‘28.8 శాతం పెరుగుదల’ అన్నారు. రాష్ట్రాల వారీగా చూస్తే మణిపూర్‌లో ముందు ఏడాది ఒకే ఒక్క కేసు, మరుసటి ఏడాది 3,399. ఆ ఒక్క రాష్ట్రాన్ని తీసి కూడితే మిగతా దేశంలో కేసులు ఐదు వందల దాకా తగ్గాయి. మణిపూర్ మంటా నిజమే, మిగతాచోట్ల తగ్గుదలా నిజమే. 28.8 అన్న అంకె ఈ రెంటిలో దేన్నీ చెప్పదు. లక్ష జనాభాకు ఇన్ని అని ఇచ్చే రేటు కూడా ఎస్సీ, ఎస్టీల విషయంలో 2011 జనగణన మీద కట్టిందే.

ఇక బూర్గంపాడు. గోదావరికి అటు భద్రాచలం, ఇటు సారపాక కాగితం మిల్లు, వెనక అడవి, మండలం షెడ్యూల్డ్ ప్రాంతం. ఇక్కడ పదేళ్ల నేరాల గ్రాఫ్ గీయాలనుకునే విద్యార్థికి మొదటి చిక్కు సరిహద్దే. 2014లో పోలవరం ముంపు పేరుతో కుక్కునూరు, వేలేరుపాడు మండలాలతో పాటు బూర్గంపాడు మండలంలోని ఇబ్రహీంపేట, రావిగూడెం, గణపవరం వంటి ఊళ్లను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మిగిలిన మండలం 2016 అక్టోబరు 11న ఖమ్మం నుంచి విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. 2013 అంకెను 2017 అంకెతో పోల్చి ‘తగ్గింది’ అంటే, తగ్గింది నేరమా, ఊళ్లా?

రెండో చిక్కు ఇంకా లోతైనది. ఇక్కడ జరిగే అన్యాయాల్లో పెద్దవి పోలీసు పుస్తకంలోనే ఉండవు. 1970 నాటి ఒకటో నంబరు భూ బదలాయింపు నిబంధన ప్రకారం ఏజెన్సీలో ఆదివాసీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. పోతే అది ఎల్‌టీఆర్ కేసుగా రెవెన్యూ అధికారుల ముందు నడుస్తుంది. ఎస్సీ, ఎస్టీల భూమిని అక్రమంగా ఆక్రమించడం, వాళ్లను భూమి నుంచి వెళ్లగొట్టడం అత్యాచారాల చట్టం సెక్షన్ 3 కింద నేరాలే. అయినా ఆ ఫైలు రెవెన్యూ బీరువాలో ఉన్నంతకాలం నేరాల పట్టికలో సున్నాయే. పోడు రైతు మీద అటవీ శాఖ రాసే కేసులకు ఆ శాఖ రిజిస్టర్లే వేరు. భూమి పోగొట్టుకున్నవాడు బాధితుడిగా లెక్కలో లేడు, దున్నుకున్నవాడు మాత్రం నిందితుడిగా ఎక్కుతాడు. ‘ప్రశాంత మండలం’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఇదే.

నగరంలో కథ తిరగబడుతుంది. అడవి అంచున నేరం కనబడకపోతే, బస్తీలో అవసరానికి మించి కనబడుతుంది. పోలీసులు ఎక్కడ ఎక్కువ తిరిగితే అక్కడే చిన్న కేసులూ ఎక్కువ నమోదవుతాయి. కాల్ చేసినవాళ్లకు ఇంటి నంబరు లేకపోతే మ్యాపులో చుక్క బస్తీ మొత్తానికీ కలిపి పడుతుంది. చుక్కలు గుమిగూడితే ‘హాట్‌స్పాట్’ అంటారు. మళ్లీ అక్కడికే కార్డన్ సెర్చ్, వేలిముద్రలు, బండి కాగితాల తనిఖీ. మళ్లీ కేసులు. హైదరాబాద్ కాలాపత్తర్, కిషన్‌బాగ్‌లలో 2021లో ఆమ్నెస్టీ వాలంటీర్లతో కెమెరాలను మ్యాప్ చేయించింది. సర్వే చేసిన ప్రాంతంలో వరసగా 53.7 శాతం, 62.7 శాతం కెమెరాల చూపు కిందే ఉందని తేలింది. గేటెడ్ కాలనీలో భార్యను కొట్టే ఇంజినీరు, పనిమనిషికి వేరే గ్లాసు పెట్టే ఇల్లు ఏ మ్యాపులోనూ చుక్క కావు. మనుషుల్ని పుట్టుకతోనే నేరస్థులుగా రాసిపెట్టుకున్న 1871 నాటి చట్టం 1952లో పోయింది. స్టూవర్టుపురం పేరు చెబితే ఇప్పటికీ జనం ఏమనుకుంటారో ఎరుకల పిల్లల్ని అడగండి.

నిజానికి చట్టం గీయమన్న మ్యాపు ఒకటుంది. అత్యాచారాల నిరోధక నియమాలు, 1995లోని 3వ నియమం ప్రకారం దాడులు జరిగే అవకాశమున్న ప్రాంతాలను ప్రభుత్వమే ముందుగా గుర్తించాలి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర కమిటీ ఏడాదికి రెండుసార్లు కూర్చోవాలి. ఈ మ్యాపులో ఎర్ర చుక్క బాధితుల వాడ మీద కాదు, కొట్టేవాళ్ల ఊరి మీద పడుతుంది. బహుశా అందుకే దాని గురించి ప్రెస్‌మీట్లు ఉండవు.

సరిహద్దు ఊళ్లలో పనిచేసేవాళ్లు రెండు సంగతులు దగ్గర పెట్టుకోవాలి. కుక్కునూరు వైపు మనిషి మీద సారపాకలో దాడి జరిగితే, అతను ఇంటికి దగ్గరి స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. ‘మా పరిధి కాదు’ అనడానికి వీల్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం జీరో ఎఫ్ఐఆర్ కట్టి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. అదే సెక్షన్ కొన్ని నేరాల్లో 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలిస్తోంది. దాన్ని చూపించి అట్రాసిటీ కేసును ఆపబోతే, ఎఫ్ఐఆర్‌కు ముందు విచారణ అక్కర్లేదన్న 18ఏ సెక్షన్‌ను గుర్తుచేయాలి. 2018 ఏప్రిల్ 2 భారత్ బంద్‌లో ప్రాణాలు పోయాక వచ్చిన సెక్షన్ అది.

లెక్కలు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు చాలు. మండల స్థాయి కార్యాలయంలో ఫీజు ఐదు రూపాయలు, జిల్లా స్థాయిలో పది. ‘నేరాలెన్ని’ అని అడగొద్దు. స్టేషన్ వారీగా వచ్చిన ఫిర్యాదులెన్ని, వాటిలో ఎఫ్ఐఆర్ అయినవెన్ని, అట్రాసిటీ సెక్షన్లు పడినవెన్ని, తర్వాత తీసేసినవెన్ని, 60 రోజుల్లో చార్జిషీటు పడినవెన్ని అని విడివిడిగా అడగాలి. రెవెన్యూ డివిజన్‌కు ఇంకో దరఖాస్తు పెట్టి, ఎల్‌టీఆర్ తీర్పు ఆదివాసీ పక్షాన వచ్చాక భూమి నిజంగా చేతికొచ్చినవెన్నో కూడా అడగాలి.