చెవియే మొదటి పరికరము

చీకటి అడవిలో ఒక బాలుడు నడచుచుండును. మొగము కనబడదు, తెల్లని కన్నులు రెండు మాత్రము మెరయుచుండును. మాట లేదు, పాట లేదు. అడుగుల చప్పుడు, గాలి రొద, దూరమున ఏదియో యంత్రపు మూలుగు. ఇంతమాత్రముననే ఆడువాని గుండె జల్లుమనును. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెనులోని ప్లేడెడ్ అను చిన్న సంస్థ 2010లో వెలువరించిన 'లింబో' అను వీడియో గేము ఇట్టిది.

దానికి ధ్వనులు కూర్చిన మార్టిన్ స్టిగ్ ఆండర్సన్ క్రొత్త పరికరముల వెంట పరుగిడలేదు. కాలము చెల్లిన తీగె రికార్డరులోనికి ధ్వనుల నెక్కించి, మరల వెలికి తీసెను. ఆ పాత యంత్రపు గరగరయే ఆటకు ప్రాణమైనది. 2016లో వచ్చిన 'ఇన్‌సైడ్' అను గేమునకై ఆయన ధ్వనులను ఒక మానవ కపాలము గుండా పంపి, ఎముకయందలి కంపనములను రికార్డు చేసెను. మన గొంతు మనకు కొంత ఎముకల ద్వారా వినబడును గదా! ఆ ఆంతరంగికత ఆయనకు కావలసినది.

పెద్ద సంస్థల అధీనమున గాక చిన్న బృందములు స్వశక్తితో నిర్మించు ఆటలను ఇండీ గేములందురు. బొమ్మలు గీయువాడొకడు, ప్రోగ్రాము వ్రాయువాడొకడు. ధ్వని మాట తుదకు మిగులును. అప్పటికి సంచి ఖాళీయగును. ఆ దశలో వారికి రెండు దారులు తోచును. ఒకటి ఎరవు తెచ్చుకొనుట, రెండవది అప్పుచేసి ఖరీదైన పరికరములు కొనుట. రెండును చిక్కులతో కూడినవే.

ఎరవు సంగతి చూతము. 1951లో 'డిస్టెంట్ డ్రమ్స్' అను అమెరికా చిత్రమునకై రికార్డు చేసిన ఒక ఆర్తనాదము, 'విల్హెల్మ్ కేక' యను పేర, తరువాత వందలాది చిత్రములలో వినబడినది. ఎరిగినవారికి అది వినగానే భయమునకు మారుగా నవ్వు వచ్చును. నలుగురు వాడిన తలుపు కిర్రును, నలుగురు వాడిన తుపాకి మ్రోతయు ఇట్లే పలుచనగును. పైగా ఉచితముగా దొరకు ధ్వనులలో కొన్నింటిని వ్యాపారమునకు వాడరాదను నిబంధన యుండును. దానిని చదువక వాడినవాడు పిదప చిక్కులపాలగును.

ఇక పరికరముల సంగతి. కొనుటకు ముందు తెలియవలసిన సూత్రమొకటి కలదు. ధ్వని పుట్టుచోటికి మైక్రోఫోనుకు గల దూరమును సగము చేసినచో, ఆ ధ్వని సుమారు 6 డెసిబెళ్ళు హెచ్చును. గదిలోని రొద మాత్రము హెచ్చదు. మూడడుగుల దూరమునుండి అడుగున్నరకు జరుపుటకు పైసా ఖర్చు లేదు. పంకా ఆపి, కిటికీ మూసి, గోడలకు దుప్పట్లు వ్రేలాడగట్టి, అర్ధరాత్రి దాటిన పిదప పని చేయువానికి సామాన్యపు మైక్రోఫోను సైతము మేలైన ఫలమిచ్చును. రొదగల గదిలో ఎంత వెలగల మైక్రోఫోనైనను ఆ రొదనే చక్కగా పట్టి యిచ్చును.

మొదటి అభ్యాసమునకు చేతనున్న సెల్‌ఫోను చాలును. కాని అది మాటకొరకు ఏర్పడినది. రొద నణచుటకై ధ్వనిని తనంతట తాను సవరించును. అందువలన రెండవ మెట్టున చేతిలో ఇముడు రికార్డరు కావలెను. మధ్యరకపు ఫోను వెలకు మించనివి కొన్ని జూమ్, టాస్కామ్ కంపెనీలవి దొరకును. కొనునపుడు చూడవలసినవి నాలుగు: 48 కిలోహెర్ట్సుల, 24 బిట్ల వేవ్ ఫైలుగా రికార్డు చేయునా? ధ్వని మట్టమును చేతితో సవరింపవచ్చునా? బయటి మైక్రోఫోను తగిలించుటకు రంధ్రము కలదా? నిశ్శబ్దమున దాని సొంత బుస ఎంత? ఇటీవలి కొన్ని రికార్డరులలో 32 బిట్ ఫ్లోట్ పద్ధతి కలదు. అందు గుసగుసయు, హఠాత్తుగా ప్రేలిన టపాకాయయు ఒకే అమరికలో చెడక నిలుచును. ఒంటరిగా పని చేయువానికి ఇది గొప్ప ఉపకారము.

మూడవది చెవులను పూర్తిగా మూయు హెడ్‌ఫోను. అది లేనివాడు రికార్డు చేసినది ఇంటికి వచ్చి విని విచారించును. నాలుగవది గాలిని ఆపు బొచ్చుతొడుగు. అయిదవది పీజో బిళ్ళ. కొద్ది రూపాయలకు దొరకు ఈ చిన్న లోహపు బిళ్ళకు తీగె అతికి, ఇనుపకంచెకో బిందెకో అంటించినచో గాలిలో వినబడని లోలోపలి నాదములు వినవచ్చును.

పరికరము చిన్నదైనను ఊహ పెద్దది కావలెను. యూనివర్సల్ స్టూడియోలో 1929 నాటి 'షో బోట్' చిత్రముతో పని మొదలిడిన జాక్ ఫోలీ పేరనే నేటికిని ఈ కళ ఫోలీ యని పిలువబడుచున్నది. పిండిసంచిని నలిపినచో మంచుపై నడకయగును. కొబ్బరి చిప్పలు రెండు తట్టినచో గుఱ్ఱపు డెక్కలగును. 1977 నాటి 'స్టార్ వార్స్'లో ఆయుధపు ధ్వని, స్తంభమునకు ఆనికగా కట్టిన ఉక్కుతీగెను బెన్ బర్ట్ సుత్తితో కొట్టి సంపాదించినదే. రేకుపళ్ళెముపై తట్టిన చప్పుడును సగము వేగమున వినిపించినచో ఒక స్థాయి దిగి పెద్ద గంటవలె మ్రోగును.

ఇట్టి ఊహకు మూలము వినికిడి. తెలుగున గలగల వేరు, జలజల వేరు. కిర్రు వేరు, కిచకిచ వేరు. చిటపటకును పటపటకును భేదమున్నది. ప్రతి ధ్వనికిని పేరు పెట్టిన పూర్వులు ఎంత శ్రద్ధగా వినిరో ఈ పదములే సాక్ష్యము. ఉపాధ్యాయులు ఒకనాడు తరగతిని పది నిమిషములు మౌనముగా కూర్చుండబెట్టి, వినబడిన ప్రతి చప్పుడునకు తగిన తెలుగుపదమును వ్రాయింపవచ్చును. పలకపై సుద్ద గీసిన ధ్వనికిని, కాగితముపై కలము గీసిన ధ్వనికిని గల భేదమును గుర్తించి వ్రాసిన బాలుడు రికార్డరు కొనకమునుపే సగము విద్య నేర్చినవాడు. తక్కిన సగమునకు అల్పవ్యయపు పరికరములు చాలును.