జీపు ఎత్తు పెరిగింది... ఆర్మ్‌ల సంగతేమిటి?

పాడేరు: మన్యానికి జీపు కొత్త కాదు. రోడ్లు సరిగా లేని రోజుల్లో సంతకు మనుషులను, పసుపు బస్తాలను చేరవేసింది జీపే. పురిటి నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను ఘాట్ దింపి ఆసుపత్రికి చేర్చిందీ జీపే. అయితే ఈమధ్య కొండల్లో కనబడుతున్న జీపుల తీరు వేరు. చలికాలంలో వంజంగి మేఘాలు, లంబసింగి మంచు చూడటానికి మైదానం నుంచి వచ్చే బండ్లలో కొన్ని మామూలు కంటే నాలుగు వేళ్ళ ఎత్తున లేచి ఉంటున్నాయి. వాటిని చూసి మన కుర్రకారు ముచ్చటపడుతున్నారు. అటువంటి బండి పాతది దొరికితే కొని, పర్యాటకులను తిప్పుకుని నాలుగు డబ్బులు చూద్దామనుకుంటున్నారు.

ముచ్చట తప్పు కాదు. కాని ఎత్తు పెంచినవారు ముందు చక్రాలను పట్టి ఉంచే ఆర్మ్‌లను పట్టించుకున్నారా లేదా అన్నది మాత్రం ఘాట్ దిగేవారంతా అడగవలసిన ప్రశ్న.

తిరిగి రాని స్టీరింగ్

ఈ విలేకరి ఎరిగిన ఒక యువకుడు పట్నంలో అటువంటి పాత జీపు కొని తెచ్చాడు. చూడటానికి బండి ఏనుగులా ఉంది. ఎక్కి నాలుగు మలుపులు తిరిగాక సంగతి తెలిసింది. మలుపు దాటి చేతులు సడలిస్తే స్టీరింగ్ తనంత తాను తిన్నబడాలి. ఈ బండిలో అది జరగలేదు. ప్రతిసారీ లాగి తేవలసి వచ్చింది. చక్రం గోతిలోకి దిగినప్పుడల్లా ముందు నుంచి ఇనుముకు ఇనుము తగిలిన చప్పుడు.

షెడ్డులో జాకీ పెట్టి చూస్తే పై ఆర్మ్ చివరనున్న బాల్ జాయింట్ రబ్బరు టోపీ చిరిగి ఉంది. గ్రీజు కారిపోయి ఆ స్థానంలో ఎర్రమట్టి చేరింది. పాత యజమాని ముందున్న టార్షన్ రాడ్ల బోల్టులు బిగించి బండిని లేపాడు. ఆర్మ్‌లు మాత్రం పాతవే. అతనికి పైసా ఖర్చు కాలేదు. ఆ ఖర్చు కొన్నవాడి నెత్తిన పడింది.

ఆర్మ్‌ల పని ఏమిటి?

పూర్వపు విల్లీస్ జీపులకు ముందూ వెనకా కమాన్ పట్టీలే. రెండు ముందు చక్రాల మధ్య ఒకటే ఇరుసు ఉండేది. ఆ తర్వాత వచ్చిన చాలా బండ్లలో ముందు చక్రాలు దేనికది విడివిడిగా లేచి దిగుతాయి. 2010లో వచ్చిన థార్‌కు ముందు టార్షన్ రాడ్లు, 2020లో వచ్చిన కొత్త థార్‌కు కాయిల్ స్ప్రింగులు ఉన్నాయి. ఈ రెండింటిలోనూ ఒక్కో ముందు చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి రెండు ఆర్మ్‌లు పట్టి ఉంచుతాయి. ఛాసిస్ వైపు వాటికి రబ్బరు బుష్‌లు, చక్రం వైపు బాల్ జాయింట్లు ఉంటాయి. మన భుజంలో గూడూ గుండూ ఎలాగో, బాల్ జాయింట్ అలాగే. అన్ని వైపులా తిరుగుతుంది గాని దానికీ ఒక హద్దు ఉంది.

బండిని లేపితే చక్రాలు నేల మీదే ఉంటాయి, ఛాసిస్ పైకి పోతుంది. అప్పుడు ఆర్మ్‌లు కిందికి వేలాడతాయి. పై బాల్ జాయింట్ నిలిచి ఉన్నప్పుడే తన హద్దు దగ్గరకు వస్తుంది. గోతిలో చక్రం ఇంకా దిగితే ఆర్మ్ ఆపుడు దిమ్మెకు తగులుతుంది. రబ్బరు టోపీ చిరిగి, మట్టి చేరి, గుండు అరుగుతుంది. మరీ అరిగితే గుండు గూటి నుంచి ఊడివచ్చి చక్రం పక్కకు వాలిపోతుంది. ఘాట్ మీద అలా జరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

రెండో చిక్కు స్టీరింగ్‌ది. సైకిల్ ముందు ఫోర్కు నిలువుగా ఉండదు, పైభాగం వెనక్కు వాలి ఉంటుంది. అందుకే కాసేపు చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోతుంది. జీపు ముందు చక్రాలకూ అటువంటి వాలు ఉంది. దాన్ని క్యాస్టర్ అంటారు. ఎత్తు పెంచితే చాలా బండ్లలో ఈ వాలు తగ్గుతుంది. బండి అటూ ఇటూ కొట్టుకుపోతుంది. టైరు నిలువు కూడా మారి ఒక పక్కే అరుగుతుంది.

మార్చితే ఏమవుతుంది?

ఎత్తు పెంచిన బండ్ల కోసం వేరే పై ఆర్మ్‌లు దొరుకుతాయి. వాటి వంపు, బాల్ జాయింట్ కూర్చునే కోణం ఆ ఎత్తుకు తగినట్లు చేసి ఉంటాయి. పోయిన వాలు చాలావరకు తిరిగి వస్తుంది. చక్రం బాగా కిందికి దిగినప్పుడు ఆర్మ్ వెళ్ళి స్ప్రింగుకు తగలదు. ఎత్తు 2 అంగుళాలు దాటితే ఇవి వేసుకోవడమే మేలని పని తెలిసినవారి మాట. కొన్నిటికి బాల్ జాయింట్ బదులు కప్పు లేని ఇనుప గుండు కీలు ఉంటుంది. అది బాగా తిరుగుతుంది గాని మన బురదకు, దుమ్ముకు త్వరగా చప్పుడు చేస్తుంది. రోజూ తిరిగే బండికి రబ్బరు టోపీ ఉన్నదే నయం.

బిగింపులో ఒక మెళకువ ఉంది. రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు గాలిలో ఉండగా పూర్తిగా బిగించరాదు. బండి బరువు నేల మీద పడిన తర్వాతే చివరి బిగింపు చేయాలి. లేకపోతే బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా తెగిపోతుంది. ఆపైన వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. కొంత దూరం తిరిగాక బోల్టులు మళ్ళీ చూసుకోవాలి.

ఆర్మ్‌లు మార్చినంత మాత్రాన అన్నీ సర్దుకోవు. ముందు చక్రాలకు శక్తినిచ్చే షాఫ్టులు, స్టీరింగ్ రాడ్లు ఏటవాలుగానే ఉండిపోతాయి. ఎత్తు ఎంత ఎక్కువైతే వాటికి అంత శ్రమ. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన జిమ్నీది వేరే పద్ధతి. దానికి ముందు ఒకటే ఇరుసు, దాన్ని పట్టే పొడుగు ఆర్మ్‌లు. అక్కడ కూడా లేపితే ఇరుసు తిరిగి వాలు తగ్గుతుంది. దానికి తగిన ఆర్మ్‌లో, బుష్‌లో వేయాలి.

చట్టం మాట

తయారీదారు నిర్దేశానికి భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఈ మాటే చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా సొమ్ము దగ్గరా పేచీ రావచ్చు.

కొనేముందు

లేపిన పాత బండి కొనదలచినవారు ముందు ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి, మలుపు తర్వాత స్టీరింగ్ తిరిగి వస్తోందో లేదో చూడాలి. టైర్ల అరుగుదల రెండు పక్కలా సమంగా ఉండాలి. కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి, టైరును పైనా కిందా పట్టి ఊపాలి. లొడలొడ కదిలితే జాయింట్ గాని బేరింగు గాని పోయినట్లే. రబ్బరు టోపీలు చిరిగాయేమో టార్చి వేసి చూడాలి. పది నిమిషాల పని.

పైన చెప్పిన యువకుడు ఎంతో ఆలోచించాడు. కొత్త ఆర్మ్‌లు వేయిస్తే స్టీరింగ్ బాగుపడుతుంది, కాని ఎత్తుతో వచ్చిన చట్టం చిక్కు అలాగే ఉంటుంది. చివరకు టార్షన్ రాడ్ల బోల్టులు వదులు చేయించి బండిని పాత ఎత్తుకే దించాడు. బాల్ జాయింట్లు కొత్తవి వేయించి, అలైన్‌మెంట్ చేయించాడు. బండి ఇప్పుడు ఏనుగులా లేదు. మలుపు తిరిగాక మాత్రం స్టీరింగ్ తనంత తానే తిన్నగా వస్తోంది. మొన్న సంత రోజున వాళ్ళ అమ్మ ముందు సీట్లో కూర్చుని వచ్చింది.