అధికారము లేని ఖాతాలో ప్రోగ్రాము నడుపుట



సంఘకార్యాలయములందును, పాఠశాలలందును, మన యిండ్లలోను కంప్యూటరు ప్రవేశించి చాలకాలమైనది. దానితో నొక చిక్కును ప్రవేశించినది. గుమాస్తా తన ఖాతాలో లెక్కల ప్రోగ్రామును తెఱవబోవును. "అడ్మినిస్ట్రేటరు అధికారము కావలెను" అని యంత్ర మడ్డుపడును. అమ్మినవారి నడిగినచో, "అతనికిని ఆ యధికార మిచ్చివేయుడు" అని యొక్కమాటలో తేల్చెదరు. ఆ మాట వినవచ్చునా? ఇదియే నేటి నా ప్రసంగవిషయము.

మొదట ఖాతాల సంగతి. విండోస్ అను వ్యవస్థలో ఖాతాలు ముఖ్యముగా రెండు తెఱగులు. అడ్మినిస్ట్రేటరు ఖాతా యింటి యజమానునివంటిది. దానినుండి క్రొత్త ప్రోగ్రాములను స్థాపింపవచ్చును, ఇతరుల ఫైళ్లను చూడవచ్చును, రక్షణలను తొలగింపవచ్చును. రెండవది పరిమిత ఖాతా. అందున్నవాడు తన పనిని తాను చేసికొనును గాని యంత్రముయొక్క యాయువుపట్టులను ముట్టలేడు. ఇచ్చట గ్రహింపదగిన మర్మ మొకటి కలదు. సామాన్యముగ ప్రోగ్రామునకు తనదైన యధికారము లేదు. నడిపినవాని యధికారమే దాని యధికారము. అందుచే యజమాని తెఱచిన యుత్తరములో దొంగప్రోగ్రా మున్నచో, ఆ దొంగ కింటి తాళములగుత్తి యంతయు చేజిక్కినట్లే.

మఱి లెక్కలు వ్రాసికొను ప్రోగ్రామునకు యజమాని యధికార మేల? నిజమునకు అక్కఱలేదు. విండోస్ 95, 98 లలో ఈ ఖాతాల భేదమే లేదనవచ్చును. 2001 లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో భేదము కలదు గాని, యంత్రమును మొదట సిద్ధపఱచునప్పు డేర్పడు ఖాతాలు అడ్మినిస్ట్రేటరు ఖాతాలుగానే యుండెడివి. ప్రోగ్రాములు వ్రాయువారును అట్టి ఖాతాలలోనే కూర్చుండి వ్రాసిరి. కావున లెక్కల ఫైలును ప్రోగ్రామున్న "ప్రోగ్రామ్ ఫైల్స్" అను ఫోల్డరులోనే దాచుట వారికి దోషముగ తోపలేదు. ఆ ఫోల్డరు పరిమిత ఖాతావానికి చదువుటకే గాని వ్రాయుటకు గాదు. ప్రోగ్రాము వ్రాయబోవును, వ్యవస్థ నిరాకరించును, ప్రోగ్రాము చతికిలబడును. దానికి వలసినది యాజమాన్యము కాదు, ఒక్క ఫోల్డరులో వ్రాసికొను ననుమతి. కొట్టులోని విత్తనములు తెచ్చుటకు పోవువానికి కొట్టు తాళపుచెవి చాలును గదా!

2007 లో ప్రజలకు లభించిన విండోస్ విస్టాలో దీని కొక యుపాయము పన్నిరి. పాత ప్రోగ్రాము ఆ నిషిద్ధమైన ఫోల్డరులో వ్రాయబోయినప్పుడు, వ్యవస్థ కాదనక, ఆ వ్రాతను గుట్టుగా ఆ మనిషి సొంత ఖాతాలోని "వర్చువల్ స్టోర్" అను చోటికి మళ్లించును. ప్రోగ్రామునకు ఆ సంగతియే తెలియదు. ఇది దయతో నాడిన యబద్ధము. అట్టి యబద్ధ మెంత చిక్కు తేగలదో నేను కన్నులార చూచితిని.

2012 లో మా ప్రాంతపు సహకారసంఘ మొకటి పాత యంత్రమును తీసివేసి, విండోస్ 7 గల క్రొత్తదానిని తెచ్చెను. తెలిసినవా డొకడు గుమాస్తాకు పరిమిత ఖాతా నేర్పఱచెను. అది మంచి పనియే. కాని పాత లెక్కల ప్రోగ్రామును ఫైలుతో సహా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే యుంచెను. గుమాస్తా మూడు నెలలు రసీదు లెక్కించెను. పిమ్మట కార్యదర్శి తన ఖాతానుండి అడ్మినిస్ట్రేటరు అధికారముతో తెఱచి చూడగా, ఆ మూడు నెలల రసీదులలో నొక్కటియు లేదు. గుమాస్తా తన ఖాతాలో తెఱచినచో అన్నియు నున్నవి! ఒకే యంత్రము, ఒకే ప్రోగ్రాము, రెండు లెక్కలు. "వీడు దొంగలెక్క వ్రాసి పెట్టుకొన్నాడు" అని సభలో నొకరిద్దఱు పలికిరి. ఆ కుఱ్ఱవాడు నా పాత శిష్యుడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మఱునాడు కంప్యూటరు చదివిన మా మేనల్లుడు వచ్చి, వాని ఖాతాలోని వర్చువల్ స్టోర్ తెఱచి, ఆ ఫైలును అందఱికిని చూపెను. అధికారముతో తెఱచిన ప్రోగ్రామునకు మళ్లింపు వర్తింపదు గనుక, కార్యదర్శి చూచినది మూలమైన పాతఫైలు. గుమాస్తా వ్రాసినది దాని ప్రతి. పెట్టెలోని రొక్కమును గుమాస్తా లెక్కకు పైసాతో సరిపోయినది. నింద వేసినవారు క్షమాపణ మాత్రము చెప్పలేదు. అది వేఱు సంగతి.

మేనల్లుడు చేసిన చికిత్స యిది. ప్రోగ్రామ్ ఫైల్స్‌కు వెలుపల లెక్కల కొక ఫోల్డరును చేసి, గుమాస్తా ఫైలు నందులో నుంచి, ఇకమీద నచ్చటనే వ్రాయునట్లు ప్రోగ్రాము సెట్టింగులు మార్చెను. ఆ ఫోల్డరుపై మౌసు కుడిమీట నొక్కి, ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ యను భాగమునకు పోయి, గుమాస్తాకును కార్యదర్శికిని "మాడిఫై" అను ననుమతి నిచ్చెను. అంతే.

కొంద ఱీ యనుమతిని ప్రోగ్రామున్న ఫోల్డరుకే యిత్తురు. అది ప్రమాదము. పరిమిత ఖాతాలో జొరబడిన దొంగ, ఆ ప్రోగ్రామును తీసివేసి దాని పేరుతోనే తనదానిని పెట్టగలడు. రేపు కార్యదర్శి దానిని అధికారముతో తెఱచినచో యంత్రమంతయు వానిపాలు. మఱికొందఱు "రన్యాజ్" అను నాజ్ఞతో అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డును యంత్రములో దాచి, ప్రతిదినము నడుగకుండునట్లు చేయుదురు. అట్లు దాచినది ఆ యొక్క ప్రోగ్రామునకే గాదు, ఆ ఖాతానుండి దేనినైనను యధికారముతో నడుపుటకు పనికివచ్చును. పరిమిత ఖాతా పేరునకే పరిమిత మగును.

యూనిక్స్ వ్యవస్థను నిర్మించినవారికిని ఈ చిక్కు తగిలినదే. అందు ప్రతివాడును తన పాస్‌వర్డును తాను మార్చుకొనవలెను. కాని పాస్‌వర్డుల ఫైలులో వ్రాయు నధికారము సర్వాధికారికే కలదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ దీనికి మార్గము కనిపెట్టెను. మనిషి కధికార మీయక, ఆ పని చేయు ప్రోగ్రాముమీదనే యొక గుర్తు నుంచినచో, అది నడుచునంత సేపు తన సొంతదారుని యధికారముతో నడచును. 1979 లో దీనికి పేటెంటు లభించినది.

నిజముగ యజమాని యధికారము కావలసిన పనులును కలవు. క్రొత్త ప్రోగ్రామును అందఱికొఱకు స్థాపించుట, డ్రైవర్లను చేర్చుట, గడియారమును మార్చుట యిట్టివి. అప్పుడు "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" అని యడిగి, పాస్‌వర్డు తెలిసినవారు స్వయముగ వచ్చి కొట్టి, పని కాగానే మూసివేయవలెను. ఆ సంఘములో యంత్రములు మారినవి గాని యేర్పాటు మాఱలేదు. కార్యదర్శియు పరిమిత ఖాతాలోనే పనిచేయును. పాస్‌వర్డు మాత్రము అధ్యక్షుని బీరువాలో లక్కముద్ర వేసిన కవరులో నుండును. పోయిన యేడు దానిని రెండు మార్లు చింపిరి. రెండును ప్రోగ్రాములు స్థాపించుటకే.